టీ పాతబడితే మందవుతుందా?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉన్న ఊరు షాంటిలీ. స్మిత్సోనియన్ వారి ఉడ్వర్ హేజీ విమాన ప్రదర్శనశాల ఉన్నది ఇక్కడే. రాజధాని మందిర్ అనే హిందూ ఆలయమూ ఇక్కడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు, కొరియా, చైనా, వియత్నాం కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఇరుగుపొరుగుగా ఉంటాయి. కాబట్టి ఒకరి వంటింటి సరుకు ఇంకొకరి వంటింట్లోకి రావడం మామూలే. అలా వచ్చిన వాటిలో పుయెర్ ఒకటి. కాగితంలో చుట్టిన గట్టి బిళ్ల, మట్టి వాసన, నల్లటి కషాయం. కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని, పొట్ట కరిగిస్తుందని, ఎంత పాతదైతే అంత గుణమని దాని గురించి చెబుతారు. ముప్ఫై ఏళ్ల బిళ్లకు బంగారం ధర పలకడం చూసి ఆ మాట నిజమే కాబోలనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ప్రచారంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. టీ వయసుతో పెరిగే ధర ఒక రకం పుయెర్‌ది, ఆరోగ్యం గురించి చూపించే పరిశోధనలు ఎక్కువగా ఇంకో రకం పుయెర్‌వి. రెండింటినీ విడదీసి చూస్తే ఏది నమ్మాలో, దేనికి డబ్బు పెట్టాలో తేలిపోతుంది.

పుయెర్ చైనాకు నైరుతి మూలన ఉన్న యున్నాన్ రాష్ట్రపు టీ. అక్కడి పెద్దాకు టీ చెట్టూ, అస్సాం తోటల్లోని టీ మొక్కా వృక్షశాస్త్రం లెక్కలో ఒకటే ఉపజాతి, దాని పేరు అస్సామికా. మన ఇళ్లలో పాలు, పంచదార వేసి మరిగించే టీపొడికీ ఈ బిళ్లకూ మూలం ఒకే రకం ఆకన్నమాట. తేడా అంతా ఆకు కోసిన తర్వాత వస్తుంది. అస్సాం ఫ్యాక్టరీలో ఆకును చిదిమి గాలి తగలనిస్తారు. ఆకులోని ఎంజైములే దాన్ని ఎర్రబరుస్తాయి. రంగు, వాసన కుదిరాక వేడిగాలితో ఆరబెట్టి ఆ మార్పును అక్కడితో ఆపేస్తారు. ఇందులో సూక్ష్మజీవుల పాత్ర లేదు. యున్నాన్‌లో మాత్రం ఆకును ఇనుప మూకుడులో కాసేపు వేయించి, నలిపి, ఎండలో ఆరబోస్తారు. మూకుడు వేడికి ఎంజైములు చాలావరకు చస్తాయి, కొన్ని మిగులుతాయి. ఎండ వేడి ఆకు మీది సూక్ష్మజీవులను పూర్తిగా చంపలేదు. అందుకే ఈ ఆకు ఆరిన తర్వాత కూడా నెమ్మదిగా మారుతూనే ఉంటుంది. ఆవిరి పట్టి మెత్తబరిచి, గుడ్డసంచిలో మూటగట్టి, రాతి దిమ్మ కింద నొక్కితే బిళ్ల తయారవుతుంది. ఆనవాయితీగా వచ్చే తూకం 357 గ్రాములు. ఏడు బిళ్లలను వెదురు పొరల్లో చుట్టి ఒక కట్ట కడతారు, కట్ట దాదాపు రెండున్నర కిలోలు. యున్నాన్‌లోని నిర్ణీత ప్రాంతాల్లో పండి, ఎండలో ఆరిన పెద్దాకుతో చేసిన దాన్నే పుయెర్ అనాలని చైనా 2008లో జాతీయ ప్రమాణం పెట్టింది. బ్లాంగ్, దాయ్ తెగల వాళ్లు తరతరాలుగా కాపాడుకొస్తున్న జింగ్మాయ్ పర్వతపు పాత టీ అడవులకు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

ఇలా ఎండబెట్టి నొక్కిన బిళ్లను షెంగ్ అంటారు, అంటే పచ్చి పుయెర్. కొత్తగా ఉన్నప్పుడు అది వగరుగా, చేదుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వగరు తగ్గి, కషాయం రంగు ముదిరి, రుచి మెత్తబడుతుంది. హాంకాంగ్ టీ అంగళ్లలో ఆ మెత్తటి రుచికి గిరాకీ ఎక్కువ. ఇరవై ముప్ఫై ఏళ్లు ఆగకుండా అలాంటి రుచిని తొందరగా తెప్పించే దారి కోసం 1970ల మొదట్లో కున్మింగ్, మెంగ్‌హాయ్ టీ ఫ్యాక్టరీల వాళ్లు ప్రయత్నాలు మొదలుపెట్టారు. 1973 నుంచి 1975 మధ్య ఒక పద్ధతి కుదిరింది. ఎండిన ఆకును నేల మీద నడుం ఎత్తున కుప్పపోసి, నీళ్లు చల్లి, గోనెగుడ్డ కప్పుతారు. రెండు మూడు రోజుల్లో కుప్ప లోపల వేడి పుడుతుంది. 50 డిగ్రీలు దాటి 60 దాకా పోతుంది. అది మితిమీరితే ఆకు మాడిపోతుంది, తగ్గితే పుల్లటి వాసన పడుతుంది. కాబట్టి పనివాళ్లు కొన్ని రోజులకోసారి కుప్పను పారలతో తిరగేసి, ఉండలు విడదీసి, మళ్లీ తడిపి కప్పుతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో ఆకు ముదురు గోధుమ రంగుకు వస్తుంది. ఇదే షౌ, అంటే మగ్గబెట్టిన పుయెర్. ఆ కుప్పలో పనిచేసేవి ఆస్పర్‌జిల్లస్ కుటుంబపు నల్ల బూజులు, బ్లాస్టోబోట్రిస్ అనే ఈస్టు, వేడిని తట్టుకునే బాక్టీరియా. ఈ రోజు అంగట్లో తక్కువ ధరకు దొరికే పుయెర్‌లో ఎక్కువ భాగం ఈ రకమే. దీని చరిత్ర ఇంకా అరవై ఏళ్లు కూడా నిండలేదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి, ముందు దానితో పని ఉంది.

ముందు వయసు సంగతి చూద్దాం. పచ్చి బిళ్లలో కాలం చేసే పని కల్పన కాదు. చేదు, వగరు ఇచ్చే కాటెచిన్లు గాలిలోని ఆక్సిజన్‌తోనూ, మిగిలిన ఎంజైములతోనూ, సూక్ష్మజీవులతోనూ తగిలి పెద్ద పెద్ద అణువులుగా ముడిపడతాయి. దాంతో వగరు తగ్గుతుంది. పచ్చివాసన ఇచ్చే తేలిక నూనెలు ఎగిరిపోయి, కర్ర, కర్పూరం, తడిమట్టిని తలపించే వాసనలు వస్తాయి. దీన్ని మెచ్చుకునే నాలుకలు ఉన్నాయి, ఆ మెచ్చుకోలుకు ధర కట్టే బజారూ ఉంది. మన ఇళ్లలో పాత బియ్యానికి ఎక్కువ ధర ఇచ్చి కొంటాం, అన్నం పొడిపొడిగా విడివిడిగా వస్తుందని. అంతేగాని, పాత బియ్యం కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని ఎవరూ అనరు. పుయెర్ వయసు కూడా ఆ కోవలోదే. కాలం దాని రుచిని పెంచుతుంది, రుచి దాని ధరను పెంచుతుంది. ధరను చూసి గుణాన్ని ఊహించుకోవడం మనం చేసే పొరపాటు. దాచిపెట్టుకునే సరుకుకు అంకెలు, గుర్తులు పుట్టుకొస్తాయి. పేరున్న 7542 బిళ్లనే తీసుకోండి. మొదటి రెండు అంకెలు ఆ పాళ్లు కుదిరిన సంవత్సరం 1975ను, మూడోది ఆకు గ్రేడును, చివరి 2 మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీని సూచిస్తాయి. 75 అంటే ఆ బిళ్ల చేసిన ఏడాది కాదు, పాళ్ల పుట్టుక. నిన్న మొన్న నొక్కిన బిళ్ల మీద కూడా అదే అంకె ఉంటుంది. ఇది తెలియక పాతదనుకుని కొత్తది కొనేవాళ్లు ఉంటారు. దాచుకుంటే లాభం వస్తుందన్న ఆశతో చైనాలో పుయెర్ ధరలు విపరీతంగా ఎగసి 2007లో కుప్పకూలాయి. అదే ఏడాది సిమావ్ నగరం తన పేరునే పుయెర్‌గా మార్చుకుంది. ఎగసినప్పుడూ కూలినప్పుడూ ఆ ఆకులోని రసాయనాలు ఒక్కటే, మారింది ధర ఒక్కటే.

ఇక్కడ షాంటిలీకి ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఒకటుంది. టీ మగ్గడానికి ఏళ్లు ఒక్కటే చాలవు, వేడి, తేమ కూడా కావాలి. దాచేవాళ్లు సాధారణంగా చెప్పే లెక్క 20 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో 60 నుంచి 70 శాతం తేమ. హాంకాంగ్, గ్వాంగ్‌జౌల్లో తేమ అంతకు మించి ఉంటుంది. అక్కడ టీ తొందరగా నల్లబడుతుంది, ఏమరుపాటుగా ఉంటే బూజు పడుతుంది. సముద్ర మట్టానికి 1,900 మీటర్ల ఎత్తున ఉన్న కున్మింగ్‌లో గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. అక్కడ అదే బిళ్ల చాలా నిదానంగా మారుతుంది. ఒకే ఏడు పుట్టిన రెండు బిళ్లలు ఈ రెండు ఊళ్లలో పెరిగితే ఇరవై ఏళ్లకు రెండు వేర్వేరు టీలవుతాయి. మరి వర్జీనియాలో? వేసవిలో ఇబ్బంది లేదు, జూలై ఆగస్టుల్లో ఇక్కడ ఉక్కపోతే. అసలు చిక్కు చలికాలంలో వస్తుంది. బయట సున్నా డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో ఉండే నీరు సుమారు 3.4 గ్రాములు. ఆ గాలి ఇంట్లోకి వచ్చి, హీటరు దాన్ని 21 డిగ్రీలకు వేడెక్కిస్తే, అదే గాలి 18 గ్రాములకు పైగా నీటిని పట్టుకోగలదు. ఉన్న నీరు మారలేదు, పట్టే శక్తి నాలుగింతలకు దగ్గరగా పెరిగింది. కాబట్టి తేమ 20 శాతం లోపుకు పడిపోతుంది. వంట, స్నానాల ఆవిరితో కాస్త పెరిగినా పెదవులు పగిలే పొడి ఆ ఇంట్లో ఉంటుంది. అలాంటి గాలిలో ఆకు ఉన్న తేమను కూడా పోగొట్టుకుంటుంది, సూక్ష్మజీవులు నిద్రపోతాయి. నవంబరు నుంచి మార్చి దాకా అల్మరాలోని బిళ్లకు వయసు పెరుగుతుంది కాని, మగ్గుదల దాదాపు ఆగిపోతుంది. కాగితం మీద పదేళ్లనిపించుకున్న ఇక్కడి బిళ్లలో, హాంకాంగ్‌లో నాలుగైదేళ్లలో జరిగే మార్పు కూడా జరిగి ఉండకపోవచ్చు. అదే బిళ్లను విజయవాడలోనో కాకినాడలోనో ఉంచితే కథ తిరగబడుతుంది. అక్కడ ఎండిపోయే భయం లేదు, బూజు భయం ఉంటుంది. కాబట్టి ఒక బిళ్ల ఎన్నేళ్లదని అడగడం సగం ప్రశ్నే. ఏ ఊళ్లో, ఎలాంటి గదిలో ఆ ఏళ్లు గడిపిందన్నది మిగతా సగం. అమ్మేవాడు చాలాసార్లు మొదటిదానికే జవాబు చెబుతాడు.

బూజు మాట వచ్చింది కాబట్టి దాని భయాన్నీ తూచి చూడాలి. 2017లో చైనా విజ్ఞాన రచయిత ఫాంగ్ జౌజి, పుయెర్‌లో క్యాన్సర్ కలిగించే బూజు విషాలు ఉండవచ్చని రాస్తే పెద్ద రభస జరిగింది. టీ వర్తకులు భగ్గుమన్నారు. రెండు పక్షాలనూ పక్కనబెట్టి పరీక్షల వైపు చూస్తే విషయం మధ్యలో ఉంది. కుప్పలో ప్రధానంగా పనిచేసే నల్ల ఆస్పర్‌జిల్లస్ రకం ఓక్రాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేయదని 2009లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కానీ అంగట్లో బిళ్ల దాకా వచ్చేసరికి పిలవని బూజులు చేరవచ్చు. 2013లో ఆస్ట్రియా పరిశోధకులు 36 పుయెర్ నమూనాలను పరీక్షిస్తే నాలుగింట్లో ఓక్రాటాక్సిన్ కనబడింది, అఫ్లాటాక్సిన్ అనే మరో బూజు విషం కనబడలేదు. అంటే పద్ధతిలో దోషం లేదు, నిల్వలో ఉండవచ్చు. వేరుశనగలో, మిరపకాయలో బూజు విషం సంగతి తెలిసిన ప్రాంతం నుంచి వచ్చిన వాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. తెల్లటి, పచ్చటి నూగు పట్టిన బిళ్ల, ముక్కుకు మూసిన గది వాసన కొట్టే బిళ్ల ఎంత పాతదైనా పారేయాల్సిందే. పాతది, హాంకాంగ్ గోదాముది అన్న మాట విని దాన్ని ఒక గుణంగా భావించి తాగడం ప్రమాదం. వయసును ఆరోగ్యంతో ముడిపెట్టే వాళ్లు మరచిపోయే అంశం ఇదే. నిల్వ కాలం పెరిగేకొద్దీ పొరపాటుకు అవకాశం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు ఆరోగ్యం వైపుకు వద్దాం. పుయెర్ కొలెస్ట్రాల్ తగ్గిస్తుందన్న మాటకు వెనక ఉన్న అధ్యయనాల్లో బాగా పేరుపడ్డది 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. చైనా శాస్త్రజ్ఞులు థియాబ్రౌనిన్ అనే పదార్థం మీద దృష్టి పెట్టారు. కుప్పలో కాటెచిన్లు కలిసిపోయి ఏర్పడే గోధుమ రంగు పెద్ద అణువుల సముదాయమే అది. మగ్గబెట్టిన పుయెర్‌కు ఆ నల్లటి రంగు ఇచ్చేది అదే. కొవ్వు మేత మేపిన ఎలుకలకు దీన్ని ఇస్తే, పేగులో పిత్త ఆమ్లాలను విడగొట్టే ఎంజైమును తయారుచేసే బాక్టీరియా తగ్గాయి. దాంతో విడగొట్టబడని పిత్త ఆమ్లాలు పేగులో నిలిచాయి, పేగు నుంచి కాలేయానికి వెళ్లే ‘చాలు, ఇక పిత్తం చేయకు’ అనే సంకేతం బలహీనపడింది. కాలేయం మరింత పిత్తం చేయడానికి తన దగ్గరున్న కొలెస్ట్రాల్‌ను ఖర్చు పెట్టింది. ఎంతో చక్కటి వివరణ ఇది, ఒక్కో మెట్టునూ విడిగా పరీక్షించి నిర్మించినది. ఆ బృందం కొద్దిమంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నాలుగు వారాలు పుయెర్ ఇచ్చి వాళ్లలోనూ కొలెస్ట్రాల్ తగ్గినట్టు చూపింది. ఇదంతా నేను నమ్ముతాను. కానీ ఇందులో ఉన్న టీ ఏది? రెండు నెలల్లో కుప్పలో మగ్గినది. ముప్ఫై ఏళ్లు దాచినది కాదు. థియాబ్రౌనిన్ కావాలంటే కాలం అక్కర్లేదు, తడి కుప్ప చాలు. ఈ పరిశోధనను ఆధారంగా చూపి పాత పచ్చి బిళ్లను పెద్ద ధరకు అమ్మేవాళ్లు ఒక టీ సాక్ష్యాన్ని ఇంకో టీకి వాడుకుంటున్నారు.

మగ్గబెట్టిన టీకైనా మనుషుల మీద ఆధారం ఎంత బలమైంది? జపాన్‌లో 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో బరువు ఎక్కువున్న 36 మందికి 12 వారాలు పుయెర్ సారం ఇచ్చారు. బరువు, నడుం కొలత కొంచెం తగ్గాయి. అమెరికాలో 2016లో వచ్చిన మరొకదానిలో 59 మందికి 20 వారాలు సారం ఇస్తే అక్కడా తగ్గుదల ఉంది, చిన్నదే. రెండింటిలోనూ ఇచ్చింది సారం, కప్పులో కషాయం కాదు. ఎవరికైనా గుండెపోటు తప్పిందా, ఎవరైనా ఎక్కువ కాలం బతికారా అని చూసేంత పెద్దవీ, పొడవైనవీ కావు అవి. 1994లో స్కాండినేవియా దేశాల్లో సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర మీద జరిగిన పరీక్షతో పోల్చండి. అందులో 4,444 మంది గుండెజబ్బు రోగులను అయిదేళ్లకు పైగా గమనించారు. మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. స్టాటిన్ వేసుకుంటే ప్రాణం నిలుస్తుందని చెప్పే హక్కు వైద్యశాస్త్రానికి ఆ అంకె నుంచి వచ్చింది. పుయెర్‌కు అలాంటి అంకె లేదు. పుయెర్‌లో సహజంగా స్టాటిన్ ఉంటుందన్న మాట కూడా వినిపిస్తుంది. కొన్ని నమూనాల్లో లోవాస్టాటిన్ కనబడ్డ మాట వాస్తవమే, కానీ నానోగ్రాముల లెక్కలో. గ్రాము టీలో 200 నానోగ్రాములు ఉందనుకుందాం. డాక్టరు రాసే 20 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కదానికి సమానం కావాలంటే 100 కిలోల టీ కావాలి, అదీ ఒక్క రోజుకు. లోవాస్టాటిన్ అసలు ఆస్పర్‌జిల్లస్ టెరియస్ అనే బూజు నుంచే దొరికింది, 1987లో అమెరికాలో ఆమోదం పొందింది. బూజులో మందు ఉండటం వేరు, బూజు పట్టిన ఆకు మందు కావడం వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడి 1948లో వైద్యుల చేతికొచ్చింది. మట్టిని ఎవరూ మందుగా మింగలేదు. మట్టి నుంచి జీవిని, జీవి నుంచి పదార్థాన్ని, పదార్థం నుంచి మోతాదును వేరుచేసే శ్రమ వల్ల అది మందైంది. పుయెర్ ఆ దారిలో ఇంకా మొదటి మెట్ల మీదే ఉంది.

మందు కాకపోతే పోనీ, టీ తాగడం మంచిదేగా అని కొందరు అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. షాంటిలీ నుంచి చూస్తే పొటోమాక్ నదికి ఆవల, మేరీలాండ్‌లో ఉన్న జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు బ్రిటన్‌లో దాదాపు అయిదు లక్షల మంది సమాచారాన్ని పరిశీలించి 2022లో ఒక ఫలితం ప్రకటించారు. రోజుకు రెండు కప్పులు, అంతకన్నా ఎక్కువ టీ తాగేవాళ్లలో మరణాల రేటు 9 నుంచి 13 శాతం తక్కువగా ఉంది. పాలు కలిపినా, పంచదార వేసినా ఆ సంబంధం కనబడింది. ఇది పరిశీలన మాత్రమే, కారణం ఇదని తేల్చినది కాదు. అయినా గమనించదగ్గ విషయం ఏమిటంటే వాళ్లు తాగింది ఎక్కువగా మామూలు నల్ల టీ. టీకి ఏదైనా మేలు చేసే గుణం ఉంటే అది మన టీపొడి డబ్బాలో కూడా ఉండాలి. ఇక హామీల సంగతికొస్తే, గ్రీన్ టీ గుండెజబ్బు ముప్పు తగ్గిస్తుందని ప్యాకెట్ మీద రాసుకుంటామని వచ్చిన దరఖాస్తును అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2006లో నిరాకరించింది. గ్రీన్ టీ మీద పుయెర్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పరిశోధన ఉన్నా అదే నిర్ణయం. మాత్రలుగా అమ్మే సారాలకు 1994 చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఫలానా అవయవానికి తోడ్పడుతుందని రాసుకోవచ్చు కానీ, ఈ మాటను ప్రభుత్వ సంస్థ పరిశీలించలేదని కిందనే చెప్పాలి. ఆ చిన్న అక్షరాల వాక్యం చదివితే చాలావరకు సందేహం తీరిపోతుంది. నాకు పుయెర్‌లో అన్నిటికన్నా గట్టిగా కనబడే మేలు అందులో లేనిదాని వల్ల. కప్పుకు రెండు చెంచాల పంచదార వేసి నాలుగు కప్పులు తాగితే 32 గ్రాములు. అమెరికా హృద్రోగ సంఘం చెప్పే రోజు హద్దు ఆడవాళ్లకు 25 గ్రాములు, మగవాళ్లకు 36. పుయెర్‌ను పంచదార లేకుండా తాగుతారు కాబట్టి అది అలవాటైన ఇంట్లో ఈ 32 గ్రాములు తగ్గుతాయి. దీనికి పాత బిళ్ల అక్కర్లేదు. పంచదార మానేసిన ఏ టీ అయినా ఇదే చేస్తుంది.

వందల ఏళ్లుగా తాగుతున్నారు, హాని ఉంటే తెలిసేది కదా అన్నది ఇంకో వాదన. ముందు ఒక చిన్న సవరణ. 1765 నాటి ఝావ్ షుయెమిన్ వైద్య గ్రంథంలో పుయెర్ జీర్ణానికి మంచిదని ఉన్నా, అది మాట్లాడేది ఆనాటి టీ గురించి. కుప్పలో మగ్గబెట్టిన టీ అప్పటికి పుట్టలేదు. దీని కన్నా ముఖ్యం, చరిత్రలో హాని కూడా ఉంది. పులియబెట్టిన నల్ల టీని ఇటుకల్లా నొక్కి శతాబ్దాలుగా టిబెట్ వైపు పంపేవారు. అక్కడి జనం వెన్న, ఉప్పు కలిపి ఆ టీని రోజంతా తాగుతారు. ఈ ఇటుకలకు వాడేది ముదురు ఆకులు, కాడలు. టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకుని ఆకులో దాచుకుంటుంది, ఆకు ముదిరేకొద్దీ ఆ నిల్వ పెరుగుతుంది. ఫలితంగా టిబెట్ ప్రాంతాల్లో పళ్లు గారపట్టడం, ఎముకలు బిగుసుకుపోవడం కనిపించి, చైనా వైద్యులు దానికి ఇటుక టీ ఫ్లోరోసిస్ అని పేరే పెట్టారు. ఆ దేశం ఇటుక టీలో కిలోకు 300 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని 2005లో ప్రమాణం పెట్టింది. తెలుగు పాఠకులకు ఈ జబ్బును పరిచయం చేయనక్కర్లేదు. నల్లగొండ పల్లెల్లో వంగిన కాళ్లు, తిరగని మెడలు మనం చూసినవే. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. అక్కడ బావినీళ్లు చేసిన పనిని టిబెట్‌లో టీ చేసింది. అమెరికాలో రోజుకు 100 నుంచి 150 టీ సంచులతో చేసిన కషాయాన్ని పదిహేడేళ్లు తాగిన ఒక మహిళకు ఇదే జబ్బు వచ్చిన ఉదంతం 2013లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ప్రచురితమైంది. లేత ఆకుతో చేసిన మంచి పుయెర్‌ను రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లు దీనికి భయపడనక్కర్లేదు. ఇక్కడ చెప్పొచ్చేదేమిటంటే, ఎక్కువ మంది ఎక్కువ కాలం తాగడం ఒక టీ మంచిదని రుజువు చేయదు. ఆ తాగినవాళ్ల ఎముకలను ఎవరైనా పరీక్షించారా అన్నది ప్రశ్న.

ఇంత వివరంగా వాదించడానికి కారణం ఉంది. దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని, చిన్న వయసులోనే వస్తుందని అమెరికా హృద్రోగ సంఘం 2018లో ప్రత్యేకంగా ఒక ప్రకటన విడుదల చేసింది. అదే ఏడాది వచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా వంశాన్ని ముప్పు పెంచే అంశాల జాబితాలో చేర్చాయి. షాంటిలీలో, ఆష్‌బర్న్‌లో, సౌత్ రైడింగ్‌లో నలభై దాటిన తెలుగువాడికి డాక్టరు స్టాటిన్ రాసినప్పుడు, మాత్రల జోలికి పోకుండా ఏదైనా సహజమైనది ఉందా అన్న ఆలోచన రావడం అర్థం చేసుకోగలం. ఆ ఆలోచనకు పుయెర్ జవాబుగా దొరికితే నష్టం టీ వల్ల కాదు, మానేసిన మాత్ర వల్ల. టీ తాగుతూనే మాత్ర వేసుకోవచ్చు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుని ఎల్‌డీఎల్ అంకె చూసుకోవచ్చు. సారం మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త మరింత అవసరం. గాఢమైన గ్రీన్ టీ సారం మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి, కప్పులో టీతో ఆ సమస్య చాలా అరుదు. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు ఏ సారమైనా డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాలి.

ఇక తాగే తీరు. టీలోని పాలీఫీనాల్స్ శాకాహారపు ఇనుమును పేగు పీల్చుకోకుండా అడ్డుకుంటాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, పిల్లలను కనాలనుకునేవాళ్లు భోజనంతోపాటు కాకుండా గంట ముందో గంట తర్వాతో తాగితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఇందులోనూ కెఫీన్ ఉంటుంది, కాబట్టి సాయంత్రం తర్వాత నిద్ర చెడుతుంది. పుయెర్‌ను సలసల కాగే నీళ్లతో పోస్తారు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. కాబట్టి పోసిన కప్పును కొన్ని నిమిషాలు చల్లారనివ్వాలి. మొదటిసారి పోసిన నీళ్లను వెంటనే పారబోసి రెండోసారి నుంచి తాగడం అక్కడి ఆనవాయితీ. దుమ్ము, పొడి పోతాయి. కొనేటప్పుడు ఆరోగ్యం కోసమని అడిగేవాళ్లకు ఈ మధ్య కాలంలో చేసిన, ఊరు పేరు, తయారీ తేదీ స్పష్టంగా రాసి ఉన్న మగ్గబెట్టిన టీ చాలు, దాని ధర మామూలుగానే ఉంటుంది. పాత పచ్చి బిళ్ల కొనాలనుకునేవాళ్లు రుచి కోసం కొనాలి. కొన్నాక జనవరిలో దాన్ని హీటరు గాలి తగిలే అల్మరాలో పెట్టకుండా, మూత ఉన్న మట్టి జాడీలో తేమ కొలిచే చిన్న యంత్రంతో పాటు ఉంచి, తేమ 60 శాతం దగ్గర ఉందో లేదో వారానికోసారి చూసుకోవాలి. ఆ అంకె 70 దాటితే మూత తీసి గాలి ఆడనివ్వాలి.